బడి లెక్క అడిగేదెవరు?

పల్లెకు వెళితే బడి ఎవరిదో బోర్డే చెబుతుంది. ‘మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల’ అనో, ‘జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల’ అనో రాసి ఉంటుంది. మన సికింద్రాబాద్‌లో చిలకలగూడ అయినా, మెట్టుగూడ అయినా సర్కారు బడి బోర్డు మీద ‘ప్రభుత్వ’ అన్న ఒక్క మాటే కనిపిస్తుంది. ప్రభుత్వం అంటే ఎవరు? వీధిలో చెత్త పేరుకుపోతే కార్పొరేషన్‌కు చెబుతాం. నల్లా రాకపోతే జలమండలికి ఫోను చేస్తాం. మరి బడిలో లెక్కలు చెప్పే టీచరు లేకపోతే ఎవరి గుమ్మం ఎక్కాలి? మనలో చాలామంది దగ్గర దీనికి జవాబు లేదు.

ఇటీవల మేము ఒక ఉర్దూ మీడియం పాఠశాలలో తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లాం. పదిమంది దాకా వచ్చారు. వారిలో ఎక్కువమంది తల్లులే. ఒకామె కూతురు ఏడో తరగతి చదువుతోంది, భాగహారం రాదు. లెక్కల ఉపాధ్యాయుని పోస్టు ఖాళీగా ఉంది. ఆ తల్లి ఆ మాట ఎత్తేలోపే రిజిస్టరు చేతులు మారడం మొదలైంది. అందరూ సంతకాలు పెట్టారు. ఏం రాసి ఉందో ఎవరూ చదవలేదు. సమావేశం ముగిసింది. ఆ తల్లి ప్రశ్న మాత్రం ఆమెతోనే ఇంటికి తిరిగి వెళ్లింది.

అసలు ఈ పరిస్థితి ఎలా వచ్చింది? 1806లో కంటోన్మెంటుగా వెలిసిన ఈ ఊరికి 1950లో సొంత కార్పొరేషన్ వచ్చింది. 1960లో అది హైదరాబాద్ కార్పొరేషన్‌లో కలిసిపోయింది. 2007లో గ్రేటర్ హైదరాబాద్ ఏర్పడింది. పాలన ఎన్ని చేతులు మారినా నగరంలోని సర్కారు బడులు మాత్రం విద్యాశాఖ చేతిలోనే ఉండిపోయాయి. 1992 నాటి రాజ్యాంగ సవరణలు కూడా ఈ తేడాను చెరపలేదు. పంచాయతీలకు అప్పగించదగిన అంశాల జాబితాలో ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలల పేరు స్పష్టంగా ఉంది. పట్టణాల జాబితాలో ఉన్నది సాంస్కృతిక, విద్యా, కళా రంగాల ప్రోత్సాహం అన్న గాలి మాట మాత్రమే. కనుక మన కార్పొరేటర్లు ఓట్లడిగేటప్పుడు రోడ్డు, మోరీ, దీపం గురించి మాట్లాడతారు. బడి గురించి మాట్లాడరు. మనమూ అడగం.

అయితే 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఈ సాకును తీసివేసింది. తన పరిధిలోని పాఠశాలల పనితీరును పర్యవేక్షించడం స్థానిక సంస్థ విధి అని ఆ చట్టంలోని 9వ సెక్షన్ చెబుతోంది. పిల్లల చేరిక, హాజరు, చదువులో నాణ్యత, అన్నీ ఆ విధిలో భాగమే. 32వ సెక్షన్ మరొక అడుగు ముందుకు వేసింది. బిడ్డ విద్యాహక్కుకు భంగం కలిగితే ఎవరైనా సరే స్థానిక సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. ఇరుపక్షాల వాదన విని మూడు నెలల్లో తేల్చాలి. ఆ తీర్పు నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు సైన్సు, లెక్కలకు ఒకరు, సాంఘికానికి ఒకరు, భాషలకు ఒకరు కనీసం ఉండి తీరాలనీ, ప్రతి 35 మంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడు ఉండాలనీ అదే చట్టం నిర్దేశించింది. అంటే ఆ తల్లి అడగబోయింది దయాభిక్ష కాదు, హక్కు.

కాగితం మీది హక్కుకు కాళ్లెందుకు రాలేదు? అడిగే వేదికలు బలహీనపడ్డాయి గనుక. కంటోన్మెంటునే చూడండి. అక్కడ బోర్డుకు 2015 జనవరిలో ఎన్నికలు జరిగాయి. ఎన్నికైన సభ్యుల గడువు పొడిగింపులతో కలిపి 2021 ఫిబ్రవరిలో ముగిసింది. 2023లో ఎన్నికల ప్రకటన వెలువడింది, తరువాత రద్దయింది. బోలారం, తిరుమలగిరి వాసులకు తమ వార్డు సభ్యుణ్ణి నిలదీసే అవకాశమే అలా చేజారింది.

ఇక బడి స్థాయిలో, చట్టం చెప్పిన యాజమాన్య కమిటీలో మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. సభ్యుల్లో సగం మంది స్త్రీలు కావాలి. 2024లో మన రాష్ట్రంలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. స్వయం సహాయక సంఘాల మహిళలకు మరమ్మతులు, తాగునీరు, మరుగుదొడ్ల పనులు అప్పగించారు. మంచిదే. ఆడపిల్ల బడి మానడానికి మరుగుదొడ్డి లేకపోవడం చిన్న కారణమేమీ కాదు. కాని గోడకు రంగు పడిందా అని చూసే కళ్లు, ఆ గోడల మధ్య పాఠం నడిచిందా అని కూడా చూడాలి కదా!

‘రాజకీయ నాయకులను బడిలోకి రానిస్తే ఉన్నది కూడా చెడిపోతుంది’ అని కొందరు ఉపాధ్యాయ మిత్రులు అంటారు. వారి భయం నిరాధారమైనది కాదు. బదిలీల్లో తలదూర్చే పెత్తనాన్ని మేమూ కోరడం లేదు. పెత్తనం వేరు, పర్యవేక్షణ వేరు. ఉపాధ్యాయుడు ఏ పాఠం ఎలా చెప్పాలో కార్పొరేటర్ చెప్పనక్కరలేదు. ఆ ఉపాధ్యాయుడు అసలు ఉన్నాడా, లేకపోతే ఎన్నాళ్ల నుంచి లేడు అని మాత్రం అడగాలి. రెండు తరగతులను ఒక్క గదిలో కూర్చోబెట్టి గొంతు చించుకునే టీచరమ్మకు ఈ ప్రశ్న శత్రువు కాదు, అండ. రోస్టర్ ప్రకారం కేటాయించిన ఉర్దూ మీడియం పోస్టులకు అర్హులు దొరక్క ఏళ్ల తరబడి ఖాళీగా మిగిలిపోతున్న సంగతి అందరికీ తెలుసు. దాన్ని తేల్చవలసింది రాష్ట్ర ప్రభుత్వమే. అయితే ఏ బడిలో ఎన్ని ఖాళీలో లెక్క తీసి నెత్తిన కూర్చునే స్థానిక గొంతు లేకపోతే, ఆ ఫైలు ఎప్పటికి కదులుతుంది?

ఇలాంటి నిఘా మనకు కొత్తది కాదు. ముస్లిం నగరాల్లో ముహ్తసిబ్ అనే అధికారి ఉండేవాడు. బజారులో తూకాలు సరిచూసేవాడు. కూలబోయే గోడలను కూల్పించేవాడు. బడిలో పిల్లలను మితిమీరి కొట్టే పంతుళ్లను అడ్డుకోవడం కూడా అతని విధుల్లో ఒకటని ఇబ్నె ఖల్దూన్ తన ‘ముఖద్దిమా’లో రాశాడు. తూకంలో మోసం ఎంత నేరమో, పిల్లవాడి చదువులో అన్యాయం కూడా అంత నేరమని వారు గుర్తించారన్నమాట.

అందుకే మరొక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. 2014 మేలో సుప్రీంకోర్టు ఇచ్చిన ప్రమతి తీర్పు ప్రకారం మైనారిటీ విద్యాసంస్థలకు విద్యాహక్కు చట్టం వర్తించదు. మన సంస్థల స్వేచ్ఛకు అది రక్షణ. కాని ఆ రక్షణ చాటున అర్హతలేని టీచర్లు, లెక్క చెప్పని ఫీజులు దాక్కుంటే? సర్కారును నిలదీసే మనం, మన బిరాదరీ పెద్దలు నడిపే స్కూలును అడగడానికి మొహమాటపడుతున్నాం. బయటివాడు అడగలేని చోట మనవాళ్లే అడగాలి. బిడ్డ మన చేతిలో అమానత్. అమానత్‌కు లెక్క చెప్పవలసింది ఇక్కడ మాత్రమే కాదు.

మరేం చేయాలి? ముందు ఇంట్లో మొదలుపెడదాం. 2005 నుంచి సాగుతున్న అసర్ సర్వే పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చేత రెండో తరగతి పాఠం చదివిస్తుంది. ఆ సర్వే గ్రామాలకే పరిమితం, మన బస్తీ గుమ్మం తొక్కదు. ఆ పని మనమే చేద్దాం. అయిదో తరగతి బిడ్డ చేతికి రెండో తరగతి పుస్తకం ఇచ్చి చదవమందాం. తడబడితే బిడ్డను కొట్టవద్దు, బడికి వెళ్దాం. కమిటీలో ఎవరున్నారో, ఎన్ని పోస్టులు మంజూరయ్యాయో, ఎన్ని ఖాళీలో అడుగుదాం. రిజిస్టరు చదివాకే సంతకం పెడదాం. జవాబు రాకపోతే ఒక కాగితం మీద రాసి ప్రధానోపాధ్యాయునికి, డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ ఆఫ్ స్కూల్స్‌కు, కార్పొరేషన్‌కు లేదా కంటోన్మెంటు బోర్డుకు ఇచ్చి రసీదు తీసుకుందాం. ఆ తేదీ నుంచి మూడు నెలలు లెక్కపెడదాం. రాయడం రానివారికి మస్జిద్ కమిటీ యువకులు జుమా తరువాత అరగంట కూర్చుని రాసిపెడితే అంతకు మించిన ఖిద్మత్ ఏముంది?

ఓట్లకోసం వచ్చేవారిని ఈసారి రోడ్డు గురించే కాదు, బడి గురించి కూడా అడుగుదాం. ఏడో తరగతిలో భాగహారం రాని ఆ అమ్మాయి వచ్చే ఏడాది ఎనిమిదిలో ఉంటుంది. ఆపైన చట్టం గడువే తీరిపోతుంది. ఆమె కోసం కాలం ఆగదు. మనం ఇంకా ఎన్నాళ్లు ఆగుదాం?