జార్జియా పత్తి, ములకలపల్లి పామాయిల్

కులం గురించి ఆలోచించేటప్పుడు మనం అమెరికా దక్షిణాది వైపు చూడటం కొత్త కాదు. జోతిరావు ఫూలే 1873లోనే ‘గులాంగిరి’ని బానిసత్వ నిర్మూలనకు పాటుపడిన అమెరికన్లకు అంకితమిచ్చాడు. 1946లో అంబేడ్కర్ డుబాయిస్‌కు ఉత్తరం రాశాడు. 1972లో దళిత పాంథర్లు తమ పేరునే అక్కడి నల్లజాతి ఉద్యమం నుంచి తీసుకున్నారు. అయితే ఈ వారసత్వంలో ఒక వెలితి ఉందని నా అభిప్రాయం. దక్షిణాది అనగానే మనకు పత్తిచేలో వంగి పనిచేసే బానిస కనిపిస్తాడు. ఆ చేను అంతకుముందు ఎవరిదన్న ప్రశ్న మనకు తట్టదు.

జార్జియా రాష్ట్రాన్నే తీసుకుందాం. ఒకవైపు అట్లాంటిక్ తీరం, ఉత్తరాన అపలేచియన్ కొండలు, నడుమ పత్తి నేలలు. 1793లో ఎలీ విట్నీ పత్తి నుంచి గింజను వేరుచేసే యంత్రాన్ని అక్కడి సవన్నా సమీపంలోనే రూపొందించాడు. ఆ పంట విస్తరించాలంటే కూలీ కావాలి, నేల కావాలి. కూలీని బానిసత్వం సమకూర్చింది. నేలను క్రీక్, చెరోకీ తెగల నుంచి గుంజుకున్నారు. చెరోకీల కొండల్లో బంగారం బయటపడిన కొద్దికాలానికే, 1830లో, ఆదివాసుల తరలింపు చట్టం వచ్చింది. చెరోకీల గడ్డపై జార్జియా చట్టాలు చెల్లవని 1832లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అదే ఏడాది జార్జియా ఆ గడ్డను లాటరీ వేసి తెల్లవాళ్లకు పంచింది. 1838లో సైన్యం చెరోకీలను మిసిసిపీ నది ఆవలికి తరలించింది. ఆ తరలింపులో 4 వేల మంది దాకా మరణించారని అంచనా.

తీర్పు ఒక దారిన, నేల మరో దారిన పోవడం మన ఏజెన్సీకీ అనుభవమే. ములకలపల్లి పాల్వంచకూ అశ్వారావుపేటకూ నడుమ అడవిని ఆనుకున్న మండలం. భద్రాచలం మద్రాసు పాలన కింద ఉన్న కాలంలో ఈ ప్రాంతం నిజాం ఏలుబడిలో ఉండేది. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1963లో తెలంగాణకూ వర్తింపజేశారు. వాటిని సవరించిన 1/70 మరింత పదునైనది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందేనని అది ముందుగానే భావిస్తుంది. కాదని నిరూపించుకోవలసింది గిరిజనేతరుడే. 1988లో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది. అమ్మకమే కాదు, కౌలు కూడా ఈ చట్టం దృష్టిలో బదలాయింపే.

ఇక్కడే పామాయిల్ తోట సంగతి చూడాలి. పత్తికో మిరపకో కౌలుకిచ్చిన కోయ రైతు మరుసటి ఏడు తన చేను తాను దున్నుకునే అవకాశమైనా ఉంటుంది. ఆయిల్‌పామ్ నాలుగో ఏట గానీ కాపుకు రాదు. వచ్చాక పాతికేళ్లకు పైగా కాస్తుంది. ఎకరానికి 57 మొక్కలు, బోరు, డ్రిప్పు, ఆదాయం లేని తొలి ఏళ్ల ఖర్చు: ఇంత పెట్టుబడి ఎవరి దగ్గర ఉంది? కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన వ్యవసాయ కులాల దగ్గర. పాసుపుస్తకంలో కోయ పేరు, తోటలో మరొకరి బోరు. ఇలాంటి కౌలు ఒక తరాన్ని మింగేస్తుంది. రిజిస్ట్రేషన్ జరగదు కాబట్టి చట్టం ఉల్లంఘన కాగితం మీద కనిపించదు.

నీటి కథా ఇలాంటిదే. సీతారామ ఎత్తిపోతల పంపుహౌసులున్న పూసుగూడెం, కమలాపురం ఈ మండలంలోనివే. 2024 ఆగస్టు 15న ముఖ్యమంత్రి పూసుగూడెంలో మోటార్లు ప్రారంభించారు. ఆ రోజు బహిరంగ సభ మాత్రం మైదాన ప్రాంతమైన వైరాలో జరిగింది. కాలువ తవ్విన నేల ఏజెన్సీది. ఆ నీటిలో కోయ రైతు వాటా ఎంతన్నది అడిగి తీరాల్సిన ప్రశ్న.

ఏజెన్సీలోని గిరిజనేతరులందరినీ ఒకే గాటన కట్టడం నాకు సమ్మతం కాదు. గెలలు కోసే దళిత కూలీ, తోట యజమాని ఒకటి కారు. జార్జియా లాటరీలోనూ పేద తెల్లవాళ్లకు చీట్లు దక్కాయి. పేదను ముందు నిలిపి పెద్దలు భూమి కాపాడుకోవడం ఎక్కడైనా సులువే. మరోవైపు, 2005లో సల్వాజుడుం మొదలయ్యాక ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన గుత్తికోయలున్నారు. 2022 నవంబరులో చండ్రుగొండ మండలం బెండాలపాడు దగ్గర అటవీ రేంజి అధికారి హత్య జరిగింది. ఆ నేరానికి శిక్ష పడవలసిందే. కానీ తర్వాత అక్కడి గ్రామసభ గుత్తికోయలందరినీ వెళ్లగొట్టాలని తీర్మానించింది. తరలింపు అన్న మాట మన దగ్గర ఇంత తేలిగ్గా నోట వస్తుందని అప్పుడే తెలిసింది.

మన చర్చ మాత్రం ఉద్యోగాల చుట్టే తిరుగుతోంది. ఏజెన్సీ టీచరు పోస్టులు పూర్తిగా గిరిజనులకే ఇచ్చిన జీవో 3ను 2020లో సుప్రీంకోర్టు కొట్టేసినప్పుడు లేచిన స్వరం అవసరమైనదే. అందులో సగమైనా భూమి విషయంలో వినిపించదు. కోయ–లంబాడా వివాదమూ రిజర్వేషన్ల దగ్గరే ఆగిపోతుంది.

అశ్వారావుపేట, అప్పారావుపేట ఫ్యాక్టరీలకు గెలలు తోలిన ప్రతి ఒక్కరి లెక్కా ఆయిల్‌ఫెడ్ దగ్గర ఉంటుంది. ఆ పేర్లను పట్టాదారుల పేర్లతో ఊరివారీగా సరిపోల్చడానికి భద్రాచలం ఐటీడీఏకు కొత్త చట్టం అక్కర్లేదు. బినామీ ఖాతాలు ఆ సరిపోల్చడంలో దొరకవు, నిజమే. అందుకే ఆ జాబితాను గ్రామసభలో బిగ్గరగా చదవాలి. ఏ తోట డబ్బు ఎవరి ఇంటికి చేరుతోందో ఊరికి తెలుసు.