సముద్రం తరఫున వకాల్తా

2022 జనవరి మొదటి వారంలో విశాఖపట్నం తీరంలో పడవలు తగలబడ్డాయి. రింగు వలలతో వేటకు వెళ్లేవారికీ, సంప్రదాయ వలలనే నమ్ముకున్న జాలరిపేటల వారికీ మధ్య ఏళ్లుగా నలుగుతున్న తగాదా ఆ రోజు మంటల దాకా వెళ్లింది. 144 సెక్షన్ పెట్టారు. పెద్దలు ఇరుపక్షాలతో మాట్లాడారు. టీవీల్లో మంటలే కనిపించాయి గానీ, గొడవకు మూలం ఒక అంకె: ఒడ్డు నుంచి 8 కిలోమీటర్లు. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం కింద చేసిన నిబంధనల ప్రకారం ఆ లోపలి నీళ్లు తెప్పలకూ చిన్న పడవలకూ చెందుతాయి. రింగు వల వేయాలంటే ఆ గీత దాటి వెళ్లాలి. దాటారా, దాటలేదా? నీటి మీద హద్దురాయి పాతే వీలు లేదు.

ఎన్ని చర్చలు జరిగినా ఈ ప్రశ్న చివరికి వచ్చి చేరేది ప్రభుత్వ న్యాయవాది బల్ల మీదికే. సముద్ర సంరక్షణ అనగానే తాబేళ్లు గుర్తొస్తాయి, శాస్త్రవేత్తలు గుర్తొస్తారు. నల్లకోటు గుర్తుకు రాదు. నిజానికి మన తీరానికి చట్టాల కొరత పెద్దగా లేదు. వాటిని కోర్టులో నిలబెట్టాల్సిన మనిషిని బోటు జప్తు అయి, రిట్ దాఖలై, కేసు కాజ్ లిస్టులోకి ఎక్కాక పిలుస్తున్నాం. సముద్రం కేసుల్లో ప్రభుత్వం తడబడడానికి ముఖ్యమైన కారణం ఇదే.

ఒక మామూలు కేసు ఎలా తయారవుతుందో చూస్తే సంగతి తెలుస్తుంది. మత్స్యశాఖ అధికారి నడిసముద్రంలో బోటును ఆపుతాడు. ఆపిన చోటు అక్షాంశ రేఖాంశాలు రాసుకుంటాడు. ఆ జీపీఎస్ పరికరం సరిగా పనిచేస్తోందని ఎవరు ధ్రువీకరించారు? ఊగుతున్న బోటులో పంచనామా రాస్తే, సాక్షి సంతకం ఎవరిది? కళాసీలందరూ అవతలి పక్షమే, సరంగు అసలే సంతకం పెట్టడు. పట్టిన చేప మర్నాటికి పనికిరాదు కాబట్టి జెట్టీ మీదే వేలం వేసి డబ్బు జమ చేయాలి. రేటు తక్కువ కట్టారని యజమాని మరో అభ్యంతరం లేవదీస్తాడు. ఆ తర్వాత హైకోర్టు. శాఖ నుంచి పిటిషన్‌కు పేరావారీ జవాబులు రావాలి, వాటిని బట్టి కౌంటర్ అఫిడవిట్ తయారు కావాలి. ఈలోగా మధ్యంతర ఉత్తర్వు వస్తుంది, బోటు విడుదలవుతుంది, సీజను గడిచిపోతుంది. కౌంటర్ దాఖలయ్యేనాటికి ఆ కేసులో తేల్చడానికి మిగిలేది చాలా తక్కువ.

మామూలుగా మత్స్యశాఖ కేసులు చూసే వకీలు చేతిలో మరో రెండు మూడు శాఖల ఫైళ్లు కూడా ఉంటాయి. ప్రభుత్వం మారితే వకీలూ మారతాడు. రింగు వల, ట్రాలు వల, అలివి వల మధ్య తేడా ఆయనకు ఒంటబట్టేసరికి పదవీకాలం ముగుస్తుంది.

దూరం సంగతి ఇంతటితో తీరదు. చేపల వేట రాష్ట్రాల జాబితాలో ఉంది. ప్రాదేశిక జలాలకు అవతలి వేట కేంద్రం జాబితాలో ఉంది. రాష్ట్రం అధికారం 12 నాటికల్ మైళ్ల దగ్గర, అంటే సుమారు 22 కిలోమీటర్ల దగ్గర ఆగుతుంది. అక్కడి నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా దేశపు ప్రత్యేక ఆర్థిక మండలి (ఈఈజెడ్). చేపకు ఈ గీతలతో పని లేదు. వలకు ఉంది, వకీలుకు ఇంకా ఎక్కువగా ఉంది.

తమిళనాడుకు ఈ గీత ఎక్కడ అడ్డం వచ్చిందో 2023 జనవరిలో తెలిసింది. ఆ రాష్ట్రం రింగు వల లాంటివే అయిన పర్స్ సీన్ వలలను తన జలాల్లో నిషేధించింది. అదే వలతో 12 మైళ్లు దాటి వేటాడతామని బోటు యజమానులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. కోర్టు మధ్యంతర ఉత్తర్వుతో షరతుల మీద అనుమతించింది. సోమ, గురువారాల్లోనే వెళ్లాలి. ఉదయం 8 నుంచి సాయంత్రం 6 లోపు తిరిగి రావాలి. బోటుకు జాడ చెప్పే పరికరం ఉండాలి. అవతలి వేటకు బోటు బయల్దేరాల్సింది రాష్ట్రం రేవు నుంచే, తిరిగి రావాల్సిందీ ఆ రేవుకే, మధ్యలో దాటాల్సిందీ రాష్ట్రం నీళ్లే. నిషేధపు ఉత్తర్వు రాసే రోజునే ఈ చిక్కును ఎవరో ఒకరు ఎత్తిచూపాలి. అది న్యాయశాఖ పని. స్వదేశీ బోట్లు ఆర్థిక మండలిలో ఎలా వేటాడాలో చెప్పే సమగ్రమైన కేంద్ర నిబంధనలు 2025 నవంబర్‌లో గానీ రాలేదు. యాంత్రిక బోట్లకు యాక్సెస్ పాస్ తప్పనిసరి చేసి, ఎల్ఈడీ దీపాల వేటనూ జంట ట్రాలింగునూ కట్టడి చేసే ఆ నిబంధనలు ఎంత గట్టివో రాబోయే రిట్లు తేలుస్తాయి.

ప్రభుత్వం గట్టిగా నిలబడిన సందర్భాలూ ఉన్నాయి. అందులో కేరళ కథ ప్రతి తీర రాష్ట్రం న్యాయశాఖా చదువుకోదగ్గది. 1980లో ఆ రాష్ట్రం తన చట్టం తెచ్చుకుంది. 1984లో పర్స్ సీన్, రింగ్ సీన్ వంటి వలలను ప్రాదేశిక జలాల్లో నిషేధించింది. బోటు యజమానులు కోర్టుకెక్కారు. మా వృత్తి స్వేచ్ఛను హరిస్తున్నారన్నది వారి వాదన, అది తేలిగ్గా తీసిపారేయదగ్గది కాదు. 1993లో సుప్రీంకోర్టు నిషేధాన్ని సమర్థించింది. వానాకాలపు ట్రాలింగ్ నిషేధాన్ని 1994లో సమర్థించింది. ఆ గెలుపు కోర్టు హాలులో పుట్టలేదు. 1980లలో బాబు పాల్ కమిటీ, కలావర్ కమిటీ, బాలకృష్ణన్ నాయర్ కమిటీ ఒకదాని వెనుక ఒకటి పనిచేశాయి. అన్నింటి సిఫారసులూ ఒక్కటి కావు, కొన్ని ప్రభుత్వానికి రుచించనూ లేదు. అయినా ఎన్ని కుటుంబాలు ఏ వల మీద బతుకుతున్నాయి, ఏ జాతి చేప ఏ నెలలో గుడ్లు పెడుతుంది అన్న వివరాలు రికార్డులోకి ఎక్కాయి. కొద్దిమందికి లాభం చేకూర్చే వల వేలమంది నోటి కూడు తీస్తుంటే ప్రభుత్వం చూస్తూ ఊరుకోనక్కర్లేదని కోర్టు చెప్పడానికి ఆధారం దొరికింది ఆ కాగితాల్లోనే.

మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. ఆ కాలానికి ఆంధ్రప్రదేశ్ ఇచ్చే భృతి 2025లో 20,000 రూపాయలయింది. దీన్ని సంక్షేమ పథకంగానే చూడడం అలవాటైపోయింది. న్యాయవాది కళ్లతో చూస్తే అది నిషేధానికి పెట్టని కోట. పొయ్యి మీద ఎసరు ఎలా మరుగుతుందో చెప్పగలిగినప్పుడే, బోటు కట్టేయమన్న ఉత్తర్వు సహేతుకమైన ఆంక్షగా నిలుస్తుంది. భృతి ఆలస్యమైతే ఆ మేరకు ప్రభుత్వ వాదన బలహీనపడుతుంది.

తాబేళ్ల విషయంలో వకీలు పని మరీ చిత్రం. ఆలివ్ రిడ్లే తాబేలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. కాగితం మీద పులికి ఎంత రక్షణో దానికీ అంతే. అయినా ప్రతి చలికాలం మన ఇసుక మీదికి కళేబరాలు కొట్టుకొస్తూనే ఉన్నాయి. ఏ బోటు వలలో చిక్కి ఊపిరాడక చచ్చిందో ఎవరు చెప్పగలరు? తాబేలు అటవీ శాఖది, బోటు మత్స్యశాఖది, గస్తీ కోస్ట్ గార్డుది, మెరైన్ పోలీసులది. చంపినవాడెవరో తేల్చమంటే కేసు ఎప్పటికీ తెగదు. అందుకే చట్టం వల మీద దృష్టి పెట్టాలి.

ట్రాలు వల గొంతులో ఏటవాలుగా బిగించే ఒక లోహపు చట్రం ఉంది. దాని ఊచల సందుల్లోంచి రొయ్య వెనక్కి జారి సంచిలో పడుతుంది. తాబేలు ఊచలకు తగిలి, పక్కనున్న కంతలోంచి బయటికి ఈదిపోతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన బోట్లకు తగినట్టు దీన్ని రూపొందించింది. అది బిగించి ఉందా, ఏ కోణంలో ఉంది, కంత కుట్టేశారా అన్నది జెట్టీ మీద నిలబడి కొలబద్దతో తేల్చవచ్చు. చావుకు సాక్ష్యం దొరకదు, చట్రానికి దొరుకుతుంది. నేరాన్ని ఇలా మలచడమే ఈ రంగంలో వకీలు చేయగల గొప్ప పని. కొంత వేట చేజారుతుందన్న కళాసీల భయం నిజమైనదే. ఆ నష్టాన్ని ఎవరు భరించాలో నిబంధనలోనే రాయాలి.

ఈ చట్రం మీదే భారత్ అమెరికాతో తలపడింది. తాబేళ్లను కాపాడని దేశాల నుంచి రొయ్య కొనబోమన్న అమెరికా చట్టంపై భారత్, మలేసియా, పాకిస్తాన్, థాయిలాండ్ ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్లాయి. 1998లో అప్పీలు విభాగం అమెరికాను తప్పుపట్టింది. తాబేలును కాపాడాలన్న ఉద్దేశాన్ని మాత్రం తప్పనలేదు. కరీబియన్ ప్రాంత దేశాలకు మూడేళ్ల గడువిచ్చి, ఆసియా దేశాలకు నాలుగు నెలలే ఇవ్వడం వివక్ష అంది. అమెరికా తన పద్ధతి మార్చుకుంది, 2001లో అదే చట్టం నిలబడింది. ఇటీవలి ఏళ్లలో ఆ చట్టం కిందే మన సముద్రపు రొయ్యకు అమెరికా తలుపు మూసింది. ఆంధ్ర నుంచి అక్కడికి వెళ్లేదంతా దాదాపు చెరువుల్లో పెంచిన వనామీ కాబట్టి దెబ్బ మనకు తెలియడం లేదు. వేటపై బతికేవాడికి తెలుస్తుంది.

అమెరికాలో ప్రభుత్వ న్యాయవాదుల పాత్ర వేరుగా ఉంది. 1976 నాటి మాగ్నుసన్-స్టీవెన్స్ చట్టం కింద ఎనిమిది ప్రాంతీయ మత్స్య మండళ్లు ఉన్నాయి. ఏ చేప ఎంత పట్టాలో చర్చించే ఆ సమావేశాల్లో జాతీయ సముద్ర, వాతావరణ సంస్థ వకీళ్లు కూర్చుంటారు. నిబంధన పుట్టే గదిలోనే వారికి కుర్చీ ఉంది.

అలాగని అక్కడివన్నీ ఆదర్శాలే అనుకుంటే పొరపాటు. ఈశాన్య తీరంలో జాలర్ల మీద అతిగా జరిమానాలు వేశారని 2010లో తనిఖీ నివేదికలు బయటపెట్టాయి. వసూలైన సొమ్ము వెళ్లే నిధిని ఖర్చు పెట్టే తీరునూ తప్పుపట్టాయి. 2011లో అప్పటి వాణిజ్య మంత్రి గ్యారీ లాక్ దాదాపు 6.5 లక్షల డాలర్లు వెనక్కి ఇప్పించారు. జరిమానా వేసే చేతికీ, ఆ డబ్బు ఖర్చు పెట్టే చేతికీ మధ్య గోడ ఉండాలని మన శాఖలూ గమనించాలి. సముద్రం కేసులో ఎదుట నిలబడేది ఒక్కోసారి కోట్ల బోటు యజమాని, ఒక్కోసారి ఐస్ పెట్టె కొనుక్కోవడానికి అప్పు చేసిన మనిషి. ఇద్దరికీ ఒకే కొలత పెట్టే ప్రభుత్వ వకీలు సముద్రానికీ మేలు చేయలేడు.

అమెరికా ప్రభుత్వానికి మరో దెబ్బ 2024 జూన్ 28న తగిలింది. హెర్రింగ్ బోట్ల మీద పరిశీలకులను పెట్టవచ్చని చట్టం చెప్పింది. ఈ బోట్లపై వారి జీతం ఎవరివ్వాలో చెప్పలేదు. రోజుకు 710 డాలర్ల దాకా యజమానే భరించాలని ప్రభుత్వం 2020లో నిబంధన చేసింది. లోపర్ బ్రైట్ కేసుగా సుప్రీంకోర్టుకెక్కిన ఆ వివాదంలో, చట్టం అస్పష్టంగా ఉన్నచోట ప్రభుత్వ సంస్థ భాష్యానికి కోర్టులు తలొగ్గాలన్న 40 ఏళ్ల సిద్ధాంతమే కూలిపోయింది. చేపల నిబంధనలో మిగిలిన ఒక ఖాళీ అమెరికా పరిపాలనా చట్టం మొత్తాన్నీ కుదిపేసింది.

మన నిబంధనల్లోనూ అలాంటి ఖాళీలున్నాయి, కొత్తవీ రాబోతున్నాయి. ఇస్రో రూపొందించిన ట్రాన్స్‌పాండర్లను లక్ష బోట్లకు బిగించే పథకాన్ని కేంద్రం 2024లో మొదలుపెట్టింది. తుపానులో చిక్కిన బోటు కబురు పంపడానికి అది ప్రాణాధారం. అదే పరికరం బోటు 8 కిలోమీటర్ల లోపల తిరిగిందని కూడా చెబుతుంది. ఆ సమాచారం కోర్టులో చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం ఉండాలి. ఆ పత్రం మీద ఎవరు సంతకం చేయాలి? సమాచారం ఎన్నాళ్లు భద్రపరచాలి? జరిమానా భయంతో సరంగు దాన్ని ఆపేస్తే, తుపాను రాత్రి అతన్ని వెతికేదెలా? అడ్వకేట్ జనరల్ కార్యాలయంలో తీర రాష్ట్రాలన్నీ సముద్ర చట్టాలకు ఒక శాశ్వత విభాగం పెట్టాలి. ప్రభుత్వాలు మారినా కదలని ఇద్దరు ముగ్గురు న్యాయవాదులు, మత్స్య శాస్త్రవేత్త ఒకరు, హార్బర్ తెలిసిన అధికారి ఒకరు అందులో ఉంటే చాలు. ఈ ప్రశ్నలకు వాళ్లు మొదటి బోటు జప్తు కాకముందే జవాబులు రాయాలి. ఆ ముసాయిదాను మన జెట్టీల దగ్గర తెలుగులో చదివి వినిపించి, జాలర్ల అభ్యంతరాలు రికార్డు చేయాలి.