పులికాట్ ఫ్లెమింగోకి 100ఎక్స్ జూమ్ ఎందుకు?

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచే పోతుంది. చలికాలంలో ఫ్లెమింగోలు దిగాయంటే చాలు, రోడ్డు పక్కన బైకులు, కార్లు ఆగిపోతాయి. అందరూ ఫోన్ తీసి జూమ్ లాగుతూనే ఉంటారు.

నేనూ అదే చేశాను లెండి. 2020లో ఎస్20 అల్ట్రాతో మొదలైన 100ఎక్స్ మోజు ఇంకా పోలేదు. కానీ ఫోన్ లెన్స్ సొంతంగా దగ్గరికి తెచ్చేది 5ఎక్స్, మహా అయితే 10ఎక్స్. ఆ పైనదంతా క్రాప్ చేసి సాఫ్ట్‌వేర్ సాగదీసిందే. మొన్న సంక్రాంతికి తిరుపతి వచ్చినప్పుడు నేలపట్టులో ఒక గూడబాతును 60ఎక్స్‌లో తీశా. ఇంటికొచ్చి చూస్తే ఈకల మీద ఆయిల్ పెయింట్ పూసినట్టుంది. రోజూ కోడ్ రాసేవాణ్ణి కాబట్టి ఏం జరిగిందో అర్థమైంది: లెన్స్‌కు అందని వివరాన్ని అల్గారిథం ఊహించి నింపింది. దాన్ని పక్షి ఫోటో అని స్టేటస్ పెట్టడానికి మనసొప్పలేదు.

అందుకే ఫోన్‌తో తీసేటప్పుడు పక్షిని చిన్నగానే ఉండనివ్వండి అంటాను. 600 ఎంఎం లెన్స్ ఉన్నవాళ్ల సంగతి వేరు. మన 5ఎక్స్‌తో చేయాల్సింది సర్దుకోవడం. ఫ్లెమింగో మేసేటప్పుడు తలకిందులుగా ముక్కు నీళ్లలో పెడుతుంది. అప్పుడు క్లిక్ చేస్తే గులాబీ రంగు మూటే వస్తుంది. మెడ ఎత్తేదాకా ఆగితే ఆ వంపును ఎంత దూరం నుంచైనా గుర్తుపడతాం. వరసగా నిలబడ్డ కాళ్లు, నీళ్లలో వాటి నీడలు మంచి డిజైనే, కాదనను. కానీ అదొక్కటే ఉంటే ఫోటో వెంకటగిరి చీర అంచులా ఉంటుంది, కన్ను జారిపోతుంది. గుంపుకు కాస్త దూరంగా నిలబడ్డ ఒక పక్షిని వెతికి, అది చూసే వైపు ఖాళీ వదలండి. గ్రిడ్ లైన్లు ఆన్ చేసి, నీళ్ల అంచును మధ్యలోంచి పైగీత దగ్గరికి జరపండి.

జూమ్ చాల్లేదని బురదలోకి దిగేవాళ్లనూ చూశాను. నాలుగడుగులకే గుంపంతా లేచిపోయింది. వెనక కార్లలో వచ్చిన పిల్లలకు ఉత్త నీళ్లే మిగిలాయి.

ఆ ట్రిప్‌లో నాకు నచ్చిన ఫోటో 2ఎక్స్‌లో తీసింది. అమ్మకు చూపిస్తే "ఇందులో పక్షి ఎక్కడరా?" అంది. కళ్లజోడు పెట్టుకుని కాసేపు చూసి, "ఇదిగో, ఇదొక్కటే తల ఎత్తింది" అంటూ వేలు పెట్టింది.