సోలకు అంటిన నూనె

నూనె కొట్టువాడు డబ్బాలోంచి సోలలోకి వంచుతాడు. సోలలోంచి మీ గిన్నెలోకి. వంచేటప్పుడు కొంత సోల మూతికి తగిలి వెనక్కి చిందుతుంది. మరికొంత సోల గోడలకు అంటుకుని వుండిపోతుంది. గిన్నెలో పడ్డది చూసి, డబ్బాలోంచి వంచిందెంతో చెప్పమంటే? రేడియో తరంగాల శక్తిని కొలిచే సెన్సరుకు వచ్చిన చిక్కు యిదే. మా పరీక్షశాలలో నాకు జీతమిచ్చేది కూడా యీ చిక్కు విప్పడానికే.

ఒక రకం సెన్సరులో థర్మిస్టరనే చిన్న పూస వుంటుంది. శక్తి పడితే వేడెక్కుతుంది, వేడెక్కితే దాని నిరోధం మారుతుంది. అందుకని ముందుగానే దానికి కొంత మామూలు విద్యుత్తు యిచ్చి వుంచుతారు. తరంగం వచ్చాక, నిరోధం మొదట వున్నచోటే నిలవాలంటే ఆ విద్యుత్తును యెంత తగ్గించవలసి వచ్చిందో, తరంగం అంత శక్తి తెచ్చిందన్నమాట. ఉపాయం చక్కనిదే. కాని గుమ్మం దగ్గరే వెనుదిరిగిన శక్తీ, గోడల్లో పోయిన శక్తీ పూసకు తెలియవు గదా!

ఆ రెంటికీ కలిపి కట్టిన అంకె కాలిబ్రేషన్ ఫాక్టర్. పరావర్తన గుణకం 0.2 అనుకోండి. దాని వర్గం 0.04, నూటికి నాలుగు పాళ్ళు వెనక్కి పోయాయి. లోపలికి వెళ్ళిన 0.96లో పూస లెక్కకు వచ్చేది 0.98 వంతు. రెండూ గుణిస్తే 0.94. మీటరు చూపినదాన్ని దీనితో భాగించాలి. (గుణించేవాళ్ళూ వున్నారు!) పౌనఃపున్యం మారితే యీ అంకె మారుతుంది కనుక సెన్సరుతో ఒక పట్టిక వస్తుంది.

ఆ 0.98 ఊహించి వేసేది కాదు. సెన్సరును వేడి కదలని గూటిలో పెట్టి, పూసలోనే గాక గోడల్లో పుట్టిన వేడిని కూడా కొలుస్తారు. ఆ సాధనం మైక్రోకెలోరీమీటరు. మన దేశంలో యిటువంటి ప్రమాణాలను కాపాడేది ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల. మా వంటివాళ్ళం సరిచూపించి తెచ్చుకున్న సెన్సరుతో మిగతావాటిని పోల్చుకుంటాం.

నిరుడు ఒక చిన్న కర్మాగారం యజమాని వచ్చాడు. ఆయన ఆసిలేటరు 9.8 మిల్లీవాట్లయినా యివ్వాలని షరతు. కొనేవారి ఆఫీసులో మీటరు 9.4 చూపిందట, సరుకు తిప్పికొట్టారు. పట్టిక చూడాలని అక్కడ యెవరికీ తోచలేదు. 9.4ను 0.94తో భాగిస్తే 10. ఆయన ముఖం వెలిగింది.

కాని ఆసిలేటరు మూతి కూడా కొంత తిప్పికొడుతుంది. దాని గుణకం 0.1. సెన్సరు నుంచి వెనక్కి వెళ్ళిన అల అక్కడ తగిలి తిరిగివచ్చి, అసలు అలను పెంచనూ వచ్చు, తగ్గించనూ వచ్చు. ఆ తేడా నూటికి నాలుగు దాకా వుంటుంది. "10, అటూ యిటూ 0.4" అని రాశాను.

"ఆ రెండోది కొట్టేయండి బాబుగారూ. వాళ్ళు 9.6 అని చదువుకుంటారు."

"చదువుకోనివ్వండి. ఆ సందేహం వున్నదే కదా?"

గుణకాల పరిమాణంతోపాటు కోణం కూడా తెలిస్తే సందేహం చాలావరకు తగ్గుతుంది. రెండు రోజులు కూర్చుని రెండు మూతులూ కొలిచాం. 10.1 వచ్చింది, అటూ యిటూ 0.2. తక్కువలో తక్కువ చూసుకున్నా 9.9.

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "యీ రెండో అంకె సంగతి మాత్రం మీరే వచ్చి ఆఫీసులో చెప్పాలి" అన్నాడు. వెళ్ళాను.