పాచి పాఠం

పోయిన వేసవిలో మా ఇంటి దగ్గరి పార్కులో చెరువు నీళ్ళు ఆకుపచ్చగా మారిపోయాయి. కౌన్సిల్ వాళ్ళు బ్లూ-గ్రీన్ ఆల్గే అని హెచ్చరిక బోర్డు పెట్టారు. "నాన్నా, ఆల్గేని తెలుగులో ఏమంటారు?" అని మా అబ్బాయి అడిగాడు. పాచి అన్నాను. ఊరి నుంచి వచ్చిన మా అమ్మ "నాచు" అంది. "మరి బ్లూ-గ్రీన్ ఆల్గే?" "అదీ పాచే." "అయితే తెలుగులో సైన్స్ లేదన్నమాట" అనేసి వాడు సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

ఆ మాట గుచ్చుకుంది. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి శైవలం, పత్రహరితం, కణకవచం అని బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. ఇంటర్లో ఎంపీసీ తీసుకున్నాక వాటితో పనిపడలేదు, అంతే. మన బడిలో గుణింతాలు, పద్యాలు, పండుగలు నేర్పుతున్నాం, మంచిదే. టర్ముకి ఒక్క శనివారమైనా సైన్సు తెలుగులో చెప్పాలని నా అభిప్రాయం. ఆ పాచితోనే మొదలుపెట్టవచ్చు.

మంచినీటి చుక్కని మైక్రోస్కోప్ కింద పెడితే గుండ్రని పచ్చ చుక్కలు కనిపించవచ్చు. వాటిలో క్లోరెల్లా ఒకటి. ఒక్కటే కణం, మిల్లీమీటరులో వందో వంతు మించదు. అందులోనే కేంద్రకం, గిన్నెలాంటి హరితరేణువు, చుట్టూ గట్టి కణకవచం. మన కుండీలోని కరివేపాకులో ఉన్న పత్రహరితమే ఇందులోనూ ఉంది, దాచుకునేదీ పిండిపదార్థమే. అంటే మొక్కలకు దగ్గరి చుట్టం. బోర్డు మీది నీలి ఆకుపచ్చ శైవలాలు అలా కాదు. పేరుకే శైవలాలు, నిజానికి కేంద్రకం లేని బాక్టీరియా. కొన్ని విషం తయారుచేస్తాయి. 1991లో డార్లింగ్ నదిలో వెయ్యి కిలోమీటర్ల పొడవునా వ్యాపించినవి అవే. కంటితో చూసి ఏది ఏదో చెప్పలేం కాబట్టి బోర్డున్న నీళ్ళు ముట్టుకోకూడదు. రెండింటినీ పాచి అని ఊరుకుంటే పిల్లలకు ఈ తేడా ఎలా తెలుస్తుంది?

ఎండబెట్టిన క్లోరెల్లాలో దాదాపు సగం మాంసకృత్తులే. మన కందిపప్పులో పావు వంతు కూడా ఉండవు. (అలాగని మాత్రలు కొనమనడం లేదు. ఆ కణకవచాన్ని పగలగొట్టకపోతే మనకు అరగడం కష్టం.) మిగతాది పిండిపదార్థాలు, కొవ్వులు, లవణాలు. ఈ పాళ్ళు ఎప్పుడూ ఒకేలా ఉండవు. నీటిలో నత్రజని తగ్గిందంటే మాంసకృత్తులు చేసుకోలేదు, ఎండలో సంపాదించినదాన్ని పిండిగానో నూనెగానో దాచుకుంటుంది. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో ప్రోగ్రాం అదే, ఇన్‌పుట్ మారింది.

నూనె అంటే ఆస్ట్రేలియా కథే ఒకటుంది. 1850ల్లో సౌత్ ఆస్ట్రేలియాలోని కూరాంగ్ ప్రాంతంలో, వానలకు నిండి ఎండలకు ఎండిపోయే మడుగుల ఒడ్డున రబ్బరులాంటి పదార్థం దొరికింది. కింద పెట్రోలియం ఉందనుకున్నారు. 1866లో సాల్ట్ క్రీక్ దగ్గర బావి కూడా తవ్వారు. దేశంలో మొదటి చమురు బావి అదేనంటారు. చమురు మాత్రం పడలేదు! ఆ రబ్బరు భూమిలోంచి వచ్చింది కాదు, బోట్రియోకాకస్ అనే ఆకుపచ్చ శైవలానిది. దాని కణాలు ద్రాక్షగుత్తిలా కలిసి ఉంటాయి. ఎండు బరువులో మూడో వంతు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, హైడ్రోకార్బన్లే. అందుకే నీటి మీద తేలుతుంది, గాలికి ఒడ్డు చేరి ఎండిపోతుంది. మరి దీంతో కార్లు నడపొచ్చు కదా అంటారేమో, ఇది పెరిగేది చాలా నెమ్మదిగా.

ఈ కథంతా మా వాడికి తెలుగులోనే చెప్పాను. మధ్యలో "గుత్తి అంటే?" అన్నాడు. ఫ్రిజ్‌లోంచి ద్రాక్షగుత్తి తీసి చూపించాను. కాసేపు ఆలోచించి, "మరి గుత్తివంకాయ?" అన్నాడు. ఆ ప్రశ్నకు మా అమ్మ జవాబు చెప్పింది, అరగంట సేపు.

వచ్చే టర్ముకి మైక్రోస్కోప్ నేను తెస్తాను. నీళ్ళు మా పెరట్లో పిచ్చుకల తొట్టిలోవి.