హెచ్-1బి ఉద్యోగుల స్వదేశ ప్రయాణము, పునఃప్రవేశము

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో హెచ్-1బి వీసాపై ఉద్యోగం చేస్తున్న విదేశీయులు ఆ దేశం విడిచి వెళ్ళి, తిరిగి అదే ఉద్యోగం కోసం రావడాన్ని పునఃప్రవేశం అంటారు. ఇటీవలి సంవత్సరాలలో ఆమోదం పొందిన హెచ్-1బి పిటిషన్లలో దాదాపు 70 శాతం భారతీయులవే. వీరిలో తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉన్నారు. పెళ్ళికో, పండుగకో, తల్లిదండ్రుల అనారోగ్యం వలననో ఇంటికి వచ్చినవారు అనుకున్న రోజుకు తిరిగి వెళ్ళగలరా అన్నది అందువలన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలోని అనేక కుటుంబాలకు సంబంధించిన విషయం. 2025లో వరుసగా వచ్చిన మార్పులతో ఈ సమస్య తీవ్రమైంది.

వీసా, స్టేటస్‌ల మధ్య తేడా

ఈ సమస్యకు మూలం అమెరికా వలస చట్టంలోని ఒక విభజన. దేశంలో ఉండే అనుమతి వేరు, దేశంలోకి వచ్చే అనుమతి వేరు.

పాస్‌పోర్టులో అతికించే వీసా కేవలం ప్రవేశద్వారం వరకు వెళ్ళడానికి ఉపయోగపడే పత్రం. దీనిని అమెరికా విదేశాంగ శాఖకు చెందిన కాన్సులేట్లు ఇస్తాయి. దేశంలో ఎంతకాలం ఉండవచ్చునో తెలిపేది ఐ-94 అనే నమోదు. విమానాశ్రయంలో ప్రవేశాన్ని అనుమతించేదీ, ఈ గడువును నిర్ణయించేదీ కస్టమ్స్, సరిహద్దు రక్షణ విభాగపు అధికారులు. యజమాని వేసిన పిటిషనును ఆమోదించి ఐ-797 పత్రాన్ని ఇచ్చేది మూడవ సంస్థ అయిన పౌరసత్వ, వలస సేవల విభాగం. ఈ ఆమోదం ఒకసారికి మూడేళ్ళ వరకు, మొత్తం మీద ఆరేళ్ళ వరకు లభిస్తుంది. గ్రీన్ కార్డు ప్రక్రియ ఒక దశ దాటినవారికి 2000 సంవత్సరపు చట్టం ప్రకారం ఆరేళ్ళ తరువాత కూడా పొడిగింపు దొరుకుతుంది.

ఒక ఉద్యోగి వీసా గడువు 2022లో ముగిసి, పిటిషను గడువు 2027 వరకు ఉన్నదనుకుందాం. అతడు అమెరికాలో ఉన్నంత వరకు వీసా ముగియడం వలన ఏ ఇబ్బందీ లేదు. ఉద్యోగం చేసుకోవచ్చు, పన్నులు కట్టవచ్చు, ఇల్లు కొనుక్కోవచ్చు. కాని ఇంటికి వచ్చిన తరువాత కొత్త వీసా లేకుండా విమానం ఎక్కలేడు. పదేళ్ళుగా అక్కడ స్థిరపడినవాడు కూడా కాన్సులేటు ముందు మళ్ళీ దరఖాస్తుదారుడే. వాడుకలో దీనినే "స్టాంపింగుకు వెళ్ళడం" అంటారు.

భారతీయుల విషయంలో ఈ స్థితి ఏళ్ళ తరబడి కొనసాగుతుంది. ఏటా ఇచ్చే ఉద్యోగ ఆధారిత గ్రీన్ కార్డులలో ఒక్కొక్క దేశంలో పుట్టినవారికి సాధారణంగా 7 శాతం పరిమితి ఉంది. దరఖాస్తుదారులు ఎక్కువగా ఉన్నందున భారతీయులు దీర్ఘకాలం తాత్కాలిక వీసాపైనే ఉండవలసి వస్తున్నది. ఆ కాలమంతా ఇంటికి వచ్చే ప్రయాణాలు ఈ పరీక్షకు లోబడి ఉంటాయి.

చరిత్ర

2004 జూలై వరకు హెచ్-1బి ఉద్యోగులు అమెరికా విడిచి వెళ్ళకుండానే వీసాను పునరుద్ధరించుకొనే సదుపాయం ఉండేది. 2001 దాడుల తరువాత వచ్చిన భద్రతా చట్టం వీసాలకు వేలిముద్రల వంటి గుర్తులను తప్పనిసరి చేసింది. దానితో దేశం లోపల పునరుద్ధరణను నిలిపివేశారు. అప్పటినుండి పునరుద్ధరణ భారమంతా విదేశాలలోని కాన్సులేట్లపై పడింది. ఇరవై ఏళ్ళ తరువాత, 2024 జనవరి 29 నుండి ఫిబ్రవరి 26 వరకు, 20,000 మందికి మించకుండా ప్రయోగాత్మకంగా దేశీయ పునరుద్ధరణను చేపట్టారు. భారతదేశంలోనూ కెనడాలోనూ నిర్దిష్ట కాలంలో వీసా పొందినవారు మాత్రమే దీనికి అర్హులు.

హైదరాబాదులో అమెరికా కాన్సులేటు 2008 అక్టోబరులో బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో మొదలైంది. 2009 మార్చిలో వీసా సేవలు ప్రారంభమయ్యాయి. అంతకుముందు ఇక్కడివారు సాధారణంగా చెన్నై వెళ్ళవలసి వచ్చేది. సికింద్రాబాద్ రైల్వే స్టేషనును ఆనుకొని ఉన్న బోయిగూడ వాసికి కూడా ఇంటర్వ్యూ అంటే ఒక రాత్రి రైలు ప్రయాణం, చెన్నైలో బస. 2009 తరువాత అదే పని కొద్ది కిలోమీటర్ల దూరంలోనే పూర్తి చేసుకొనే అవకాశం వచ్చింది. 2023 మార్చిలో కాన్సులేటు నానక్‌రాంగూడలోని సొంత భవనాలకు మారింది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఒడిషా రాష్ట్రాలు దీని పరిధిలో ఉన్నాయి. కాన్సులేటు దగ్గరైనా, ఇంటర్వ్యూ తేదీ దొరకడం మాత్రం సులభం కాలేదు.

ప్రయాణం నిలిచిపోయిన సందర్భాలు

2020 మార్చిలో కోవిడ్ కారణంగా భారతదేశంలోని అమెరికా కాన్సులేట్లలో సాధారణ వీసా సేవలు నిలిచిపోయాయి. అదే ఏడాది జూన్ 22న అధ్యక్షుడు ట్రంప్ జారీ చేసిన ప్రకటన దేశం వెలుపల ఉండి, చెల్లుబాటయ్యే వీసా లేని హెచ్-1బి ఉద్యోగుల ప్రవేశాన్ని ఆపివేసింది. ఇది 2021 మార్చి 31 వరకు అమలులో ఉంది. ఆ తరువాత 2021 మే 4 నుండి నవంబరు 8 వరకు, భారతదేశం నుండి వచ్చే తాత్కాలిక వీసాదారులపై బైడెన్ ప్రభుత్వం ప్రయాణ ఆంక్షలు విధించింది. కుటుంబ అవసరాలకు వచ్చి చిక్కుకుపోయినవారిలో కొందరి భార్యాపిల్లలు అమెరికాలోనే ఉండిపోయారు.

2025లో మార్పులు మరింత వేగంగా వచ్చాయి.

- సెప్టెంబరు 2 నుండి ఇంటర్వ్యూ మినహాయింపును చాలావరకు తగ్గించారు. "డ్రాప్‌బాక్స్" పద్ధతిలో పత్రాలు ఇచ్చి వీసా పొందే అవకాశం హెచ్-1బి వారికి పోయింది.
- సెప్టెంబరు 6న, దరఖాస్తుదారులు తమ స్వదేశంలో గాని, నివసిస్తున్న దేశంలో గాని ఇంటర్వ్యూకు హాజరు కావాలని విదేశాంగ శాఖ సూచించింది. మూడవ దేశానికి వెళ్ళి స్టాంపింగు చేయించుకొనే దారి దీనితో ఇరుకైంది.
- సెప్టెంబరు 19న వెలువడిన అధ్యక్ష ప్రకటన హెచ్-1బి పిటిషనుకు లక్ష డాలర్ల చెల్లింపును విధించింది. ఇది సెప్టెంబరు 21 నుండి, 12 నెలల కాలపరిమితితో అమలులోకి వచ్చింది. ఇప్పటికే వీసా ఉన్నవారికి వర్తిస్తుందో లేదో మొదట స్పష్టత లేకపోవడంతో, గడువులోగా వెనక్కు రావాలని పెద్ద కంపెనీలు ఉద్యోగులకు కబురు పంపాయి. సెలవులు మధ్యలో వదిలి అనేకులు విమానాశ్రయాలకు పరుగెత్తారు. కొత్త పిటిషన్లకే తప్ప ఉన్న వీసాలపై పునఃప్రవేశానికి ఇది వర్తించదని సెప్టెంబరు 20న ప్రభుత్వం వివరించింది.
- డిసెంబరు 15 నుండి హెచ్-1బి, హెచ్-4 దరఖాస్తుదారుల సామాజిక మాధ్యమ ఖాతాలను పరిశీలించడం మొదలుపెట్టారు. ఖాతాలను అందరికీ కనిపించేలా ఉంచాలని ఆదేశించారు. రోజుకు చేయగల ఇంటర్వ్యూలు తగ్గడంతో, భారతదేశంలో డిసెంబరు మధ్య నుండి ఉన్న అనేక అపాయింట్‌మెంట్లను 2026 మార్చికి, ఆ తరువాతి నెలలకు వాయిదా వేశారు. అప్పటికే ఇండియాకు చేరుకున్నవారు నెలల తరబడి ఆగిపోవలసి వచ్చింది.

ప్రయాణంలో చట్టపరమైన చిక్కులు

ఇంటర్వ్యూ పూర్తయినా 221(జి) సెక్షను కింద దరఖాస్తును అదనపు పరిశీలనకు ఆపవచ్చు. దీనికి నిర్ణీత గడువు లేదు. ఉద్యోగం పోయినవారికి అమెరికాలో ఉంటే 60 రోజుల వరకు వెసులుబాటు లభించవచ్చు. దేశం వెలుపల ఉండగా ఉద్యోగం పోతే ఆ వెసులుబాటు అక్కరకు రాదు, ఆ పిటిషనుపై తిరిగి ప్రవేశించడమూ కుదరదు.

విద్యార్థి వీసా నుండి హెచ్-1బికి స్టేటస్ మార్పు కోరినవారు, అది ఆమోదం పొందక ముందే దేశం విడిచి వెళితే స్టేటస్ మార్పు అభ్యర్థనను వదులుకున్నట్లు లెక్క. 2025 అక్టోబరు 20 నాటి వివరణ ప్రకారం ఇటువంటివారి పిటిషనుకు లక్ష డాలర్ల చెల్లింపు కూడా వర్తించవచ్చు. స్టేటస్ మార్పు ఆమోదం పొందిన తరువాత వెళ్ళినవారికి ఇది వర్తించదు.

గ్రీన్ కార్డు చివరి దశ అయిన స్టేటస్ సర్దుబాటు దరఖాస్తు పెండింగులో ఉన్నవారు సాధారణంగా అడ్వాన్స్ పెరోల్ అనే అనుమతి తీసుకొని వెళ్ళాలి. అయితే చెల్లుబాటయ్యే హెచ్-1బి వీసాతో అదే ఉద్యోగానికి తిరిగి వచ్చేవారికి మినహాయింపు ఉంది. వీసా ముగిసినా, ఐ-94 చెల్లుతున్నవారు కెనడా, మెక్సికోలకు 30 రోజులకు మించకుండా వెళ్ళి రావచ్చు. ఆ ప్రయాణంలో కొత్త వీసాకు దరఖాస్తు చేస్తే ఈ సౌకర్యం పోతుంది.

తిరిగి వచ్చాక ఐ-94 గడువును సరిచూసుకోవాలి. పాస్‌పోర్టు ముందే ముగిసేటట్లయితే ఐ-94ను కూడా ఆ తేదీకే కుదించడం కద్దు. దేశం వెలుపల గడిపిన రోజులను మాత్రం ఆరేళ్ళ పరిమితి నుండి మినహాయించమని కోరవచ్చు.

గల్ఫ్ దేశాలతో పోలిక

నిజామాబాదు, కరీంనగర్, జగిత్యాల, కడప ప్రాంతాల నుండి గల్ఫ్‌కు వెళ్ళిన కార్మికుల సమస్య మరో తీరుది. అక్కడి కఫాలా పద్ధతిలో దేశం విడిచి వెళ్ళడానికే యజమాని అనుమతి కావలసి వచ్చేది. ఖతార్ 2018లో చాలామంది కార్మికులకు నిష్క్రమణ అనుమతిని తొలగించి, 2020లో ఇంటి పనివారికీ ఆ మార్పును వర్తింపజేసింది. సౌదీ అరేబియా 2021 మార్చి 14 నుండి ప్రైవేటు రంగ కార్మికులు నిష్క్రమణ, పునఃప్రవేశ వీసాను స్వయంగా కోరే వీలు కల్పించింది. ఇంటి పనివారు, డ్రైవర్లు వంటివారు ఈ సంస్కరణ పరిధిలోకి రాలేదు. గల్ఫ్‌లో అడ్డు ప్రధానంగా బయటకు వెళ్ళేటప్పుడు ఎదురైతే, అమెరికా ఉద్యోగికి తిరిగి వచ్చేటప్పుడు ఎదురవుతుంది. రెండు చోట్లా ఇంటికి రావాలా వద్దా అన్న నిర్ణయం కార్మికుని చేతిలో పూర్తిగా ఉండదు.

విశ్లేషణ

కాన్సులేటులో పరిశీలన అనవసరమని చెప్పలేము. తప్పుడు అనుభవ పత్రాలు, లేని ఉద్యోగాలు చూపిన పిటిషన్లు బయటపడిన సందర్భాలు ఉన్నాయి. కాని అదే పరిశీలన ఉద్యోగి అమెరికాలో ఉండగానే జరిగితే, ఆలస్యమైనా అతని ఉద్యోగం, అద్దె, పిల్లల చదువు ఆగవు. వేలిముద్రలు సేకరించే కేంద్రాలు అమెరికాలోనూ ఉన్నాయి కనుక, 2004లో చెప్పిన సాంకేతిక కారణానికి ఇప్పుడు అంత బలం లేదు. 2024 నాటి ప్రయోగం దేశీయ పునరుద్ధరణ సాధ్యమేనని చూపింది. అది శాశ్వత ఏర్పాటు కానంత వరకు నిబంధనలలో వచ్చే ప్రతి మార్పు భారమూ ఆ రోజున ప్రయాణంలో ఉన్నవారిపైనే పడుతుంది. దీని వలన నష్టపోయేది ఉద్యోగి ఒక్కడే కాదు. తల్లి శస్త్రచికిత్సకో, తండ్రి అంత్యక్రియలకో రావడానికి కూడా వెనుకాడవలసి రావడం ఈ విధానపు అసలు మూల్యం.