వంక చోటు వంకకిద్దాం

అనంతపురం ఒక వంకను నమ్ముకుని పుట్టిన ఊరు. 1364లో విజయనగర మంత్రి చిక్కప్ప ఒడయరు పండమేరు వంకకు అడ్డంగా చెరువు కట్టించాడని, దానికి అటూ ఇటూ బుక్కరాయసముద్రం, అనంతసాగరం వెలిశాయని చరిత్ర. ఆ పండమేరే 2024 అక్టోబరులో ఒక్క రాత్రి వానకు పొంగి నగర శివారు కాలనీల్లోకి వచ్చింది. అంతకు రెండేళ్ల ముందు నడిమివంక నగరాన్ని ముంచింది. ఏడాదికి 550 మిల్లీమీటర్లు కురిస్తే గొప్ప అనుకునే ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఈ వరదలేమిటి? గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమను మోస్తుంది. నెలలు ముఖం చాటేసిన వాన ఒక్క పూటలో కుమ్మరించడం అందుకే పెరుగుతోంది. ఆ నీటిని పట్టి ఉంచే చోటు లేకపోతే అక్టోబరులో వరద, మార్చిలో కరువు తప్పవు.

ఆ చోటు వంకే. పెన్న, చిత్రావతి ఇసుకలో ఊటకాలువలు తవ్వి పైరు పండించిన సీమ ఇది. ఇసుక కింద దాగిన నీటిని ఎండ చెరువు నీటిలా ఎగరేసుకుపోలేదు. ఇసుక తోడేశాక ఊట అడుగంటింది. గట్టున ఈత, కానుగ, రెల్లు పోయాక వాననీరు చేనిమట్టిని కోసుకెళ్లి చెరువుల్లో పూడికగా పోస్తోంది. అందుకే చెక్‌డ్యాములు ఒక్కటే చాలవు. గట్టు పచ్చగా లేకపోతే అవీ పూడిపోతాయి. చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ తోడుగా పల్లె జనం వేల ఎకరాల కల్పవల్లి బోడిగుట్టలను మూడు దశాబ్దాలుగా కాపాడుకుంటూ గడ్డినీ చెట్లనూ తిరిగి తెచ్చుకున్నారు. కరువు నేల కోలుకోగలదనడానికి అది సాక్ష్యం.

హంద్రీ-నీవా కాలువ ఉండగా వంకలెందుకని కొందరంటారు. కృష్ణ నీళ్లు రావాల్సిందే. కానీ కాలువ అందని మిట్టపల్లెల బోర్లకు వంకే దిక్కు, వరదను ఆపే పని కాలువది కాదు. గట్టున చెట్లు పెంచితే అవే నీళ్లు తాగేస్తాయన్నది కొంత నిజమే. అందుకే సర్కారుతుమ్మను దశలవారీగా తీసి, మన నేలకు అలవాటైన చెట్లను నాటాలి. అన్నిటికన్నా బరువైన ప్రశ్న వంక పక్కన ఇల్లు కట్టుకున్న పేదలది. వాళ్లకు ముందు మిట్టన ఇంటిస్థలం చూపాలి, ఆ తర్వాతే ఖాళీ చేయించాలి. ప్రతి వంకకూ హద్దురాళ్లు నాటి, నీరు, భూమి, చెట్ల రక్షణకు వచ్చిన 2002 నాటి వాల్టా చట్టాన్ని ఇసుక తవ్వకాలపై నిక్కచ్చిగా అమలుచేసి, గట్ల పనిని ఉపాధి హామీ కూలీల చేతిలో పెడితే పని మొదలైనట్టే. వంక వెడల్పును మనం కాగితం మీద తగ్గించినా, వాన ఒప్పుకోదు.